ఏడో బిళ్ళ

రైలు గంట ఆలస్యమని నల్లపలక మీద సుద్దతో రాసి ఉంది, ఆ గంటలో ఎంత గడిచిందో ఎంత మిగిలిందో తెలియదు, గుత్తి జంక్షన్‌లో మే నెల మిట్టమధ్యాహ్నం తన నీడను తన కాళ్ళ కిందే తొక్కిపట్టుకుని నిలబడి ఉంది. సిమెంటు బల్ల కాలుతోంది, ఇనుప స్తంభం కాలుతోంది, చేతిసంచి జిప్పు సైతం వేలికి చురుక్కుమంటోంది, ఇంత మంటలో హేమలత ఒడిలోని చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒక్కటే చల్లగా ఉంది. ఉండటానికి కారణం ఉంది, ఆ కారణం ఆమెకు తెలుసు, తాడిపత్రిలో బస్సెక్కేటప్పుడు అమ్మ నీళ్ళ సీసాకు తడిగుడ్డ చుట్టి ఇచ్చింది, డబ్బా ఆ గుడ్డకు ఆనుకుని ఇక్కడిదాకా వచ్చింది, తడి ఆరుతూ వేడిని లాక్కుపోతుంది, అంతే, ఇందులో వింతేమీ లేదు. పిల్లలకు పాఠం చెప్పినట్టు తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నకొద్దీ ఆ చల్లదనం గుడ్డది కాదేమో అనిపించింది. ఇలాంటి చల్లదనాన్ని ఈ అరచేయి ఇదివరకు ఒకసారి ముట్టుకుంది, మార్చి నెలలో, అనంతపురంలో, ఆసుపత్రి వార్డంతా ఉడికిపోతున్న ఒక మధ్యాహ్నం, మంచం మీది మనుషులందరి నుదుళ్ళూ చెమర్చి ఉండగా, ఒక్క నాయన నుదురు మాత్రం.

ఆమె డబ్బా మూత తీసింది. తెల్లటి దూదిగుడ్డ మీద అగ్గిపెట్టెంత ఉక్కుబిళ్ళ. ఉక్కు అని చెబితే తప్ప తెలియదు, మెరుపు లేదు, రంగు లేదు, తెల్లగుడ్డకు అక్కడ చిల్లు పడినట్టు ఉంది. అందరి కళ్ళూ వస్తువుల మీద ఆగుతాయి, దీని మీద ఆగవు, లోపలికి జారిపోతాయి, లోపల ఎంత లోతుందో తెలియక వెనక్కి వస్తాయి. రంగేమీ పూయలేదు, మసి పట్టించలేదు, లేజరు వెలుగుతో కొట్టారు, అంతే. సెకనును పది లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కంత సేపు వెలిగి ఆరిపోయే వెలుగు, ఎంత పొట్టిదంటే, లోహానికి తనకు దెబ్బ తగిలిందన్న సంగతి తెలిసేలోపే దెబ్బ అయిపోతుంది, వేడి పక్కకు పాకేంత వ్యవధి ఉండదు, అంచు కరగదు, కమరదు, తగిలిన చోటు ఆవిరై లేచిపోతుంది, లేచిపోయిన చోట దున్నిన చేనిలా సాళ్ళు మిగులుతాయి. తలవెంట్రుక మందంలో నూరోవంతు దూరంలో ఒక్కో సాలు. ఆ సాళ్ళలో పడ్డ వెలుతురు తిరిగి పైకి రాలేదు, అందుకే నలుపు. ఆ సాళ్ళలో పడ్డ నీరు కిందికి జారదు, పైకి పాకుతుంది, అందుకే రెండేళ్ళుగా హేమలత బెంగళూరు ప్రయోగశాలలో కిటికీ లేని గదిలో కూర్చుని ఉంది. నిటారుగా నిలబెట్టిన బిళ్ళ అడుగున ఒక చుక్క పెడితే, ఆ చుక్క ఎవరో పిలిచినట్టు మీదికి ఎక్కిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు ఆమె నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు, లేచి వెళ్ళి గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

ఫోన్ మోగింది. షాకీర్. గుత్తి కోట కింద పుట్టి బెంగళూరులో అదే ప్రయోగశాలలో యంత్రాలు చూసుకునే కుర్రాడు, ఆమె కన్నా రెండేళ్ళు చిన్న.

"అక్కా, రేపు పొద్దున పదికి వజ్రాల బ్లేడు మనకే పెట్టించినా. బిళ్ళ తెస్తాండావు గదా?"

"తెస్తాండా."

"సారు పొద్దున్నించి రెండుమార్లు అడిగినాడు. అది కోసి అడ్డకోత ఫొటో తీసి పంపిస్తే జర్నలోళ్ళు పేపరు ఒప్పుకున్నట్లే అంట. యాడున్నావు?"

"గుత్తిలో."

"మా ఊర్లోనా! నీళ్ళు తాగొద్దు అక్కా ఆడ, కొళాయిలో గాలి తప్ప ఏం రాదు."

నవ్వి పెట్టేశాడు. ప్లాట్‌ఫారం చివర కొళాయి ఉంది. వచ్చిన వెంటనే ఆమె తిప్పి చూసింది, లోపల ఎక్కడో దూరంగా ఒక ఊపిరి, లాగినట్టు, విడిచినట్టు, మళ్ళీ లాగినట్టు, తరువాత ఏమీ లేదు. కొళాయి కట్టేసినా ఆ ఊపిరి కాసేపు చెవిలో ఉండిపోయింది. పట్టాల మీద ఎండ నీళ్ళలా కదులుతోంది, దగ్గరికి రాదు, ఎండిపోదు. ఎక్కడో సరుకుల బండి చక్రం ఒకటి కీచుమంది. ఆ చప్పుడుకు ఆమె వెన్ను నిటారైంది. ఆ చప్పుడు ఆమెకు పుట్టినప్పటినుంచీ తెలుసు.

తాడిపత్రిలో రాయి పాలిష్ పట్టే షెడ్డు, మడమలదాకా బూడిదరంగు నీళ్ళు, ఆ నీళ్ళలో ముప్పై ఏళ్ళు నిలబడిన నాయన దాసప్ప. గరుకు రాయి, నున్న రాయి, ఇంకా నున్న రాయి, చివర తెల్లపొడి, ఆ పొడిని ముద్దగా చేసి గుడ్డతో రుద్ది రుద్ది నల్లబండను నీటిమడుగు చేసేవాడు. మిగతావాళ్ళు వంగి మెరుపు చూసి పనయిందనుకునేవాళ్ళు. నాయన కళ్ళను నమ్మడు. బొటనవేలిని నాలుకకు తాకించి బండ పైమూలన నొక్కి ఒక్క తిప్పు తిప్పేవాడు. కీచుమనాలి. అనకపోతే మళ్ళీ మొదటినుంచి. రాయి పలకాలి అనేవాడు, పలకని రాయిని షెడ్డు దాటించేవాడు కాదు. చిన్నప్పుడు ఆమె బడి నుంచి వస్తూ వీధి మొదట్లోనే ఆ కీచు విని ఈ పూటకు పని అయిపోయిందని లెక్కవేసుకునేది. రెండేళ్ళ కిందటి ఉగాదికి ప్రయోగశాలలో పాలిష్ యంత్రం మోటారు కాలిపోయి, కొత్తది రావడానికి నాలుగు నెలలంటే, ఆమె ఏడు ఉక్కుబిళ్ళలు కాగితంలో చుట్టుకుని ఇంటికి వచ్చింది. చెప్పుకోవాల్సిన పని కాదు. యంత్రం మీదే పాలిష్ చెయ్యాలని నిబంధన, ఆ యంత్రం పేరే రిజిస్టరులో రాయాలి, ఆమె రాసింది కూడా.

"ఇది మన చెంబు స్టీలేనామ్మా?"

"దానికన్నా మేలురకం నాయనా."

"మేలురకమైతే మెరుపు దానికే ఉండల్ల. ఇంతింత సదివించి బెంగుళూరుకు పంపిస్తే, పనికి తిరిగి రాయిరుద్దేటోని కాడికే వస్తివే."

మూడు రోజులు రుద్దాడు. ఏడు బిళ్ళల్లో ఏడు ముఖాలు కనిపించాయి, ఏడూ నాయనవే. ఇంత తెల్లగా చేసినవాటిని వెలుగుతో కొట్టి నల్లగా చేస్తారని ఆమె చెబితే, చేతులు తుడుచుకుంటూ చాలాసేపు ఆమె వైపు చూసి, "మీ సారుకు వేరే యాపారం లేదామ్మా?" అన్నాడు. ఒక్కో బిళ్ళ చేతికిచ్చేముందు ఒక్కో కీచు. ఏడుసార్లు విన్నది. విన్నా ఆ చప్పుడు పనిలో భాగమనుకోలేదు, నాయనలో భాగమనుకుంది. దగ్గులా, చెప్పుల అడుగులా.

తరువాత అంతా ప్రయోగశాలే, అంతా చేతి తొడుగులే. బిళ్ళల్ని ద్రావకంలో ముంచి, శబ్దతరంగాలతో అదిరించి, కడిగి, ఆరబెట్టి, వెలుగు కింద పెట్టింది. ఏడింటి మీదా నీరు ఎక్కింది. పరీక్షల్లో ఆరు పోయాయి, గీసినవి, ఆమ్లంలో వేసినవి, ఎవరికో చూపడానికి పోయి తిరిగిరానివి. కొత్త మోటారు వచ్చాక యంత్రం మీద చేసిన బిళ్ళల్లో ఒక్కదానిమీదా నీరు ఎక్కలేదు. గుండ్రంగా పరుచుకుని, తన బరువు తాను తెలుసుకుని, కిందికి వచ్చింది. నెలలు గడిచేకొద్దీ వాటికి ఆ పరుచుకోవడమూ పోయింది, గాలిలోని జిడ్డు తాగి నీటిని మరిచిపోయాయి, అలా మరిచిపోవడం ఏ బిళ్ళకైనా మామూలే. ఏడోది మరవలేదు. సూక్ష్మదర్శిని కింద దాని పైమూలన సాళ్ళు వంకర తిరిగి ఉన్నాయి, మిగతా చోటంతా తీగ లాగినట్టు తిన్నగా నడిచినవి అక్కడికి వచ్చేసరికి వంగి, ఒకదానిలో ఒకటి చుట్టుకుని, సుడి. 'లోపమున్న భాగం' అని రాసుకుంది. పేపరుకు పంపిన బొమ్మలో ఆ మూలను కత్తిరించేసింది. ఆ సుడి ఏ ఆకారంలో ఉందో అప్పుడే చూసి ఉండాలి, చూసింది కూడా, చూసినదాన్ని చూడలేదని అనుకోవడం ఎంత సులువు.

నాయన వేలికి గీతలు లేవు. ఆ సంగతి మాత్రం మార్చిలోనే తెలిసింది. ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర వేయాలన్నారు, కడుపు పట్టుకుని ముడుచుకుపోయిన మనిషి ఎడమచెయ్యి ఆమే లాగి, బొటనవేలిని సిరాలో అద్ది, కాగితం మీద నొక్కింది. నున్నటి ఊదామచ్చ. గుమస్తా కళ్ళద్దాలు పైకి నెట్టి, "ఇదేందమ్మా, గీత పడ్లేదే, ఇంగోసారి ఏయించు" అన్నాడు. ఇంకోసారీ నున్నటి మచ్చే. మూడోసారీ. ముప్పై ఏళ్ళ బండలు ఆ వేలిని కూడా పాలిష్ పట్టేశాయి. ఆమె సిరామచ్చ వైపు చూస్తుండగా నాయన అడిగాడు, "లతమ్మా, ఒక్క గుక్క నీళ్ళు."

"ఆపరేషన్ అయినాంక నాయనా. డాక్టరు ఇయ్యొద్దన్నాడు."

"ముప్పైయేండ్లు నీళ్ళలో నిలబడినోన్ని... గుక్కెడు నీళ్ళకు చీటీ రాయించుకోవల్లా?"

నవ్వుతున్నాడనుకుంది. డాక్టరు చెప్పింది సరైన మాటే, ఆమె చేసింది సరైన పనే, తడిదూదితో పెదవులు అద్దింది, దూది పెదవికి తాకగానే ఆరిపోయింది, మళ్ళీ అద్దింది, మళ్ళీ ఆరిపోయింది. మూడు గంటలకు లోపలికి తీసుకుపోతామన్నారు. రెండున్నరకే నుదురు చల్లబడింది. సరైన పని చేసినవాళ్ళకు ఏడవడానికి చోటు ఉండదు, అందుకని ఆమె బెంగళూరు వెళ్ళిపోయి బిళ్ళలు రుద్దింది. యంత్రం మీద కాదు, చేతితో, నాయనలాగే, అందరూ వెళ్ళిపోయాక, తెల్లపొడి ముద్దతో, తొడుగుల్లేకుండా, రెండు నెలలు. పద్దెనిమిది బిళ్ళలు. ఒక్కదాని మీదా నీరు ఎక్కలేదు. ఎక్కలేదుగానీ, ఒక పొద్దున హాజరు యంత్రం మీద బొటనవేలు పెడితే ఎర్రదీపం వెలిగింది, తుడుచుకుని పెడితే మళ్ళీ ఎర్రదీపమే. షాకీర్ ఆమె చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పి చూశాడు. "అక్కా, నీ ఏలు అరిగిపాయ! రేపటినించి నువ్వు వచ్చినావని నేనే సాచ్చం చెప్పల్ల."

ఈ పొద్దున వంటింట్లో. కోసేముందు అమ్మకు ఒకసారి చూపాలనిపించింది, ఎందుకో తెలియదు, అమ్మ ఆంజినమ్మ ఎప్పుడూ బెంగళూరు పని గురించి ఒక్క ప్రశ్న వేసిన మనిషి కాదు. చెంబులో వేలు ముంచి బిళ్ళ అడుగున ఒక చుక్క వదిలింది. చుక్క కదిలింది. మీదికి పోయి పోయి పైమూలన ఆగి, అక్కడే ఇంకిపోయింది. అమ్మ ఆశ్చర్యపోలేదు. తానే ఇంకో చుక్క వదిలింది. అదీ అక్కడికే.

"ఆడికే పోతాండాది సూడు."

"ఆడ లోపముందిమా."

"లోపమేంది. మీ నాయన ఏలుపెట్టేది ఆడనే గదా." అమ్మ తన బొటనవేలిని నాలుకకు తాకించి, గాలిలో నొక్కి, ఒక్క తిప్పు తిప్పింది. "పలికించకుండా దించేటోడా ఆ మనిషి?"

అప్పుడు అర్థమైంది. వేలికి గీతలు లేవు, నిజమే, వేలికి అంటుకున్న పొడికి పళ్ళున్నాయి. ఆ చివరి తిప్పులో పొడి ఉక్కును గీసింది, ఏ ద్రావకమూ కడగలేనంత సన్నగా, సుడిగా. వెలుగు వచ్చి తన సాళ్ళు దున్నుతూ ఆ సుడిని కలుసుకుని, దాని వెంబడి తిరిగింది. రాళ్ళు ముప్పై ఏళ్ళలో అరగదీసిన గీతల్ని వెలుగు క్షణంలో లక్షల కోట్లవంతులో తిరిగి రాసింది. నీళ్ళను పైకి పిలుస్తున్నది ఆమె లేజరు ఒక్కటే కాదు. ఇదంతా ఆమెకు అర్థమయ్యే లోపు అమ్మ బిళ్ళను దగ్గరగా పట్టుకుని నోటి ఆవిరి ఊదింది, అద్దం తుడిచేటప్పుడు ఊదినట్టు, మంచు పరుచుకుంది, మంచులోంచి ఒక బొటనవేలు గీత గీతా లేచి వచ్చింది.

"దీన్ని కోస్తారా?"

"కోస్తేనేమా లోపలేముందో తెలిసేది."

"లోపలేముంటాది పిచ్చిదానా. ఉండేదంతా పైనే గదా."

తరువాత అమ్మ సీసా నింపింది, షెడ్డు బోరునీళ్ళు, నాయన నిలబడిన నీళ్ళు. గుడ్డ తడిపి చుట్టింది. "దారిలో దప్పికయితాది" అంది. ఎవరికని అనలేదు. అంటున్నప్పుడు కూతురి ముఖం చూడలేదు, డబ్బా వైపు చూసింది.

మళ్ళీ ఆ కీచు. ఈసారి సరుకుల బండి కనిపించలేదు. ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు, ఇందాకటిదాకా ఒక కుక్క ఉన్న చోట అది పడుకున్న గుంట మాత్రమే ఉంది. హేమలత బిళ్ళను చేతిలోకి తీసుకుంది. రేపు పదిగంటలకు వజ్రపు బ్లేడు పైమూల మీదుగా దిగుతుంది, సుడి రెండు ముక్కలవుతుంది, అడ్డకోత ఫొటో పేపరుతో వెళ్తుంది, పేపరులో యంత్రం పేరు ఉంటుంది, సారు పేరు ఉంటుంది, ఆమె పేరు ఉంటుంది, డాక్టరేటు పట్టా వస్తుంది. నోరు మూసుకుంటే చాలు. నోరు తెరిస్తే రిజిస్టరులో అబద్ధం రాసిన మనిషి, బొమ్మలో మూల కత్తిరించిన మనిషి, రెండేళ్ళు నీళ్ళలో పోసిన మనిషి. నీళ్ళలో పోయడం, ఆ మాట దగ్గర ఆలోచన జారింది, సీసా మూత ఎప్పుడు తీసిందో తెలియదు, బిళ్ళను నిటారుగా పట్టుకుని అడుగు అంచున ఒక చుక్క ఆనించింది. చుక్క ఎక్కింది. సుడిలో ఇంకింది. ఇంకోటి. ఇంకోటి. ఇంత ఎండకు ఎక్కినవి ఎక్కినట్టే ఆవిరైపోతాయి, తెలుసు, బిళ్ళ చల్లబడేది అందుకేనని తెలుసు, అయినా ఒక్కో చుక్కకూ ఆమె గొంతులో ఏదో మింగినట్టు కదులుతోంది. ఒక్క గుక్క. ఇదిగో నాయనా. ఒక్క గుక్క. చీటీ అక్కరలేదు. ఎన్ని చుక్కలో లెక్క తప్పింది. తలెత్తి చూసేసరికి సీసాలో సగం లేదు, నేల మీద ఒక్క చుక్కా పడలేదు, ఒడి పొడిగా ఉంది.

ఎడమచేత్తో బిళ్ళను అలాగే పట్టుకుని, కుడిచేత్తో సంచిలోని ప్రయోగాల రిజిస్టరు తీసి తెరిచి, రెండేళ్ళ కిందటి ఉగాది పేజీ వెతికి, యంత్రం పేరు కొట్టేసి, తేదీ వేసి రాసింది. పాలిష్: చేతితో. చేసినవాడు: దాసప్ప, తాడిపత్రి. చివర బొటనవేలితో తిప్పి పలికించాడు. మేము కత్తిరించి తీసేసిన మూల అదే. కింద సంతకం పెట్టింది. అక్షరాలు వంకరపోలేదు. తరువాత ఫోన్ తీసింది.

"షాకీర్, బ్లేడు వద్దని చెప్పు."

"ఏమైంది అక్కా? పేపరేం గావల్ల?"

"ఆపల్ల. అందులో అబద్ధముంది, నేను రాసిందే. సారుతో నేనే చెప్తా."

"సారు ఇంక నిన్ను ఉండనిస్తాడా అక్కా?"

"తెలీదబ్బా. బిళ్ళనైతే కొయ్యనియ్యను. ఇట్లాంటివి మళ్ళీ చేసి చూపించేదెట్లనో ఇప్పుడు నాకు తెలుసు."

దూరాన పట్టాల మీది దొంగనీళ్ళలోంచి రైలు ముఖం తేలింది, ముందు చప్పుడు లేకుండా, తరువాత చప్పుడుతో. హేమలత లేచి నిలబడి, డబ్బాలో పెట్టేముందు, బిళ్ళను పెదవుల దగ్గరికి తెచ్చుకుని మెల్లగా ఊదింది. మంచు పరుచుకుంది. పైమూలన నాయన బొటనవేలు లేచింది, సుడి చుట్టూ సుడి, ఒక్క గీతా చెక్కుచెదరకుండా. కింది మూలన, ఇంతసేపూ తొడుగు లేని చేత్తో తాను పట్టుకున్న చోట, మరో బొటనవేలు లేచింది. దాని లోపల ఒక్క గీత లేదు.

ఆమె దాన్ని తుడవలేదు.